సర్పంచు ముట్టని విస్తరి

పిట్టగది దినచర్య. నలభై రెండో ఏడు. రాసేది ఈశ్వరమ్మ.

రోజు 304

సర్పంచు బరువు 312 గ్రాములు. కళ్ళు తేటగా ఉన్నాయి. పొద్దున లైట్లు వెలగగానే అరిచింది. రాజన్న దేవుడికి బల్బు దీపం పెట్టి, దండం పెట్టుకుని, నీళ్ళ గిన్నె కడిగాను. గుమ్మటంలో మంట వెలిగించకూడదు. గాలి అందరిదీ కదా.

రేపు కొమురయ్య తన తల్లికి పిట్టకు పెడతాడు. అందుకని మధ్యాహ్నం నుంచి సర్పంచుకు జొన్నలు ఆపాను.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఇందులో రాయలేదు. ఇవాళ ఎందుకో రాశాను. మూడు గుమ్మటాలకూ కలిపి, భూమికి ఇంత దూరాన ఈ ఎర్రనేల మీద ఉన్నది ఈ ఒక్క కాకి. ఎవరు పోయినా, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దీని ముందుకే తెస్తారు. ముడితే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. ఇది సరే అననిదే ఎవరూ ముద్ద ఎత్తరు కనుక దీనికి సర్పంచు అని పేరు పెట్టారు.

పదకొండేళ్ళుగా ఇది నా చేతిలో ఉంది. ఒక్క విస్తరి కూడా తిరిగి పోలేదు. ముందు రోజు దీన్ని పస్తు ఉంచుతాను మరి. ఏడ్చి ఏడ్చి ఉన్న మనుషులను ఇంకా నిలబెట్టడం ఎందుకని.

రోజు 305

కొమురయ్య విస్తరి కింద పెట్టి చెయ్యి తియ్యకముందే సర్పంచు చేపముక్క ఎత్తుకుపోయింది.

"చూసినవా పెద్దక్కా! మా అవ్వకు నా మీద ఏం లేదు," అన్నాడు. మొహం వెలిగిపోయింది. పది నిమిషాల్లో అందరూ తిని వెళ్ళారు.

తిన్నాక బరువు 321.

రోజు 309

కనక పోయింది. నా పెద్ద చెల్లెలు. నీళ్ళ లైను మీద పనిలో ఉండగా గుండె ఆగింది. యాభై ఒకటి నిండాయి.

సర్పంచుకు జొన్నలు పెట్టాను. నీళ్ళు మార్చాను. బరువు చూడలేదు.

రోజు 311

మూడో రోజు. నిన్న మధ్యాహ్నం నుంచి సర్పంచుకు ఏమీ పెట్టలేదు. అయినా పొద్దున బరువు 326. త్రాసు తుడిచి మళ్ళీ చూశాను. 326.

కనక భర్త రాజలింగం విస్తరి తెచ్చాడు. మక్కగారెలు, చేపల పులుసు, పీపా కల్లు ఒక గ్లాసు. సర్పంచు కొయ్య మీద కూర్చుని చూసింది. ముక్కు రెక్కలో పెట్టుకుంది. అర్ధగంట అయింది. నా పదకొండేళ్ళలో అర్ధగంట ఎప్పుడూ పట్టలేదు.

సుగుణ లోపలికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడింది. మా ముగ్గురు అక్కచెల్లెళ్ళలో చిన్నది. నాలుగేళ్ళుగా కనకతో మాట్లాడలేదు.

ఆ కథ గుమ్మటంలో అందరికీ తెలుసు. సుగుణ వెలుగుమళ్ళలో పని చేస్తుంది. అక్కడ మొక్కల వేళ్ళు గాలిలో వేలాడుతుంటాయి, వాటికి తుంపర పడుతూ ఉండాలి. బతుకమ్మకు నిజమైన పువ్వు ఉండాలని ఆమె పన్నెండు తంగేడు చెట్లు పెంచింది. ఆ ఏడు మంచుగడ్డ తెచ్చే బండి దారిలో చెడిపోయి నీళ్ళు తరిగాయి. పసిపిల్లల గదికి నీళ్ళు చాలవేమోనని కనక ఎవరికీ చెప్పకుండా పూలమళ్ళ నల్లా కట్టేసింది. సుగుణ నిద్ర లేచేసరికి పన్నెండూ వాడి ఉన్నాయి. మరో వారంలో పూతకు రావాల్సినవి.

గంట చూసి రాజలింగం విస్తరి ఎత్తేశాడు. సుగుణ నా వైపు చూసి ఒకటే అడిగింది.

"నా మీది కోపమేనా అక్కా?"

కాదన్నాను. నమ్మలేదు.

రోజు 312

పొద్దున బరువు 334. జొన్నల డబ్బాలో రెండు గుప్పిళ్ళు తక్కువ.

దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి నీళ్ళ డ్రమ్ము మీద కనక కూర్చుని ఉంది. పని బట్టలే. కాళ్ళు ఊపుతోంది. ఒళ్ళో జొన్నలు. సర్పంచు ఆమె మోకాలి మీద నిలబడి ఏరుకుని తింటోంది.

భయం వేయలేదు. దండం మధ్యలో ఆపడం మంచిది కాదని పూర్తి చేశాను.

"అయిందా నీ పూజ?" అంది.

"అయింది."

"ఏం మొక్కినవ్?"

"నువ్వు చల్లగా పోవాలని."

"పోత తియ్. తొందరేముంది?" అని ఇంకో గుప్పెడు తీసింది. "ఇది ఎండిపోయి ఉన్నదక్కా. దీన్ని పస్తులుంచి సంపుతున్నవ్."

నాకు సిగ్గేసింది. ఆ పస్తుల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"అందరి ఇంట్ల ముట్టినట్టే నా ఇంట్ల గుడ ముట్టిపిద్దామనుకున్నవ్ కదా?" అంది. నవ్వుతోంది. "నేను ఊకుంటనా?"

చిన్నప్పటి నవ్వే. దాన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. మూడు రోజులుగా ఏడవనిదాన్ని, నవ్వుతూ ఏడ్చాను.

రోజు 313

ఐదో రోజు. బరువు 341. సర్పంచు నడక మారింది. పొట్ట ముందు, తను వెనుక.

ఈసారి జనం ఎక్కువ వచ్చారు. ముట్టని విస్తరిని చాలామంది చూడలేదు. పూర్వం ఇలాంటప్పుడు పోయినవాళ్ళకు మాట ఇచ్చేవాళ్ళని ఎవరికో గుర్తొచ్చింది. ఇంక మొదలుపెట్టారు.

రాజలింగం చేతులు జోడించాడు. "కనకా, ఇగ నస్యం ముట్ట. ఒట్టు."

సర్పంచు కదల్లేదు. ఎవరికీ కనపడని కనక డ్రమ్ము మీద నుంచి నాకు మాత్రమే వినపడేలా, "ఈ ఒట్టు ముప్పై ఏండ్ల సంది ఇంటున్న," అంది.

పక్కింటి లింగవ్వ, "నీ గిన్నె నా దగ్గరే ఉన్నది కనకవ్వా, ఇయ్యాల్నే ఇచ్చేస్త," అంది.

"ఏ గిన్నె?" అంది కనక. తనకే గుర్తు లేదు.

నీళ్ళ లైను కుర్రవాళ్ళు, కవాటాలన్నీ ఆమె నేర్పినట్టే తుడుస్తామన్నారు. కొమురయ్య కల్లు కొంచెం ఎక్కువ పోయమన్నాడు. గ్లాసు నింపారు. సర్పంచు ఒక్కసారి ఎగిరింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఇక్కడ బరువు తక్కువ కదా, రెండుసార్లు రెక్క కొడితే కప్పు దాకా పోతుంది. పోయి పై కొయ్య మీద కూర్చుని నిద్రపోయింది. దాని ఈక ఒకటి మెల్లగా, మెల్లగా, అందరూ చూస్తుండగా కొమురయ్య నెత్తి మీద వాలింది.

అందరూ నవ్వారు. సుగుణ నవ్వలేదు. తలుపు దగ్గర నుంచే వెళ్ళిపోయింది.

రోజు 315

బరువు 349. ఇంతకన్నా పెరిగితే ఎగరలేదు.

కమిటీ పెద్ద ఓదెలు వచ్చాడు. రెండో గుమ్మటంలో ఒక ముసలాయన రేపో మాపో అన్నట్టు ఉన్నాడట. "పిట్ట గిట్ల మొండికేస్తే ఎట్ల పెద్దక్కా? మరకాకిని చేపిద్దాం. బటన్ ఒత్తితే ముడుతది. ఎవ్వరికీ బాధ ఉండది."

ఆలోచిస్తానన్నాను. ఆయన వెళ్ళాక అక్కడే కూర్చున్నాను. పదకొండేళ్ళుగా నేను చేసింది అదే. బటన్ మాత్రం నా దగ్గర ఉండేది.

వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. సుగుణ మూడో గుమ్మటానికి బదిలీ అడిగిందట. పదకొండో రోజు మధ్యాహ్నం బండి. అక్కడికి వెళ్ళినవాళ్ళు, ఎవరైనా పోతే తప్ప, ఏడేళ్ళ దాకా తిరిగి రారు. కారణం ఏం రాసిందంటే, "నేను ఇక్కడ ఉంటే పిట్ట ముట్టదు" అని.

కనక డ్రమ్ము మీద ఉంది. ఈ మాట విని కాళ్ళు ఊపడం ఆపింది.

"నీకు దాని మీద కోపమా?" అని అడిగాను.

"నాకెందుకు కోపం? చెట్లు సంపింది నేను."

"మరి ఎవరి మీద?"

నా మొహమే చూసింది. నా మీదేనని అప్పుడు తెలిసింది.

ఇది కూడా రాయాలి. నాలుగేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా నేనే తిరిగాను. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేయమని నన్నే అడిగేవాళ్ళు. పప్పు పంపమంటే పంపాను. మందు ఇవ్వమంటే ఇచ్చాను. రెండు మాటలు మాత్రం చేర్చలేదు.

మొదటిది కనకది. చెట్లు పోయిన నెలకు నా దగ్గరికి వచ్చి చెప్పింది. "అక్కా, లెక్క మళ్ళ చూసిన. నల్లా సగం తిప్పితే సరిపోతుండె. పిల్లలకు నీళ్ళు అందుతుండె, చెట్లూ బతుకుతుండె. భయానికి మొత్తం కట్టిన. ఇది దానికి చెప్పు."

ఇది వింటే సుగుణ మండిపడుతుందనుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఆగి చెబుదామనుకున్నాను.

రెండోది సుగుణది. ఆ తరువాతి వారమే. "ఒక్క మాట అడిగితే నేనే లేచి కట్టేద్దును కదా. పసిపిల్లల కన్నా నాకు పువ్వులు ఎక్కువా? నన్ను గంతే అనుకున్నదా? అడుగు అక్కా."

ఇది వింటే కనక కుంగిపోతుందనుకున్నాను. ఇద్దరికీ "అంతా సర్దుకుంటుంది, రాజన్న ఉన్నాడు" అన్నాను. ఎదుటిది జవాబు ఇవ్వలేదని ఇద్దరూ అనుకున్నారు. నాలుగేళ్ళు నేను శాంతిగా పూజ చేసుకున్నాను.

"నేను వెళ్ళి చెబుతాను," అన్నాను.

"నువ్వా?" అంది కనక. "నువ్వు చెప్పే రకమేనా అక్కా?"

రోజు 317

తొమ్మిదో రోజు. బరువు 355. విస్తరి ముట్టలేదు. సుగుణ రానే లేదు.

మధ్యాహ్నం వెలుగుమళ్ళకు నేనే వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని కొత్తిమీర వేళ్ళు సర్దుతోంది. ఇప్పుడు ఆకుకూరలే వేస్తుంది. పువ్వు వేయదు.

"కూర్చో అక్కా. టీ తాగుతవా?"

తాగనన్నాను. నిలబడే రెండు మాటలూ చెప్పాను. ముందు కనకది, తరువాత తనది. ఏ నెలలో ఎవరు చెప్పారో, నేను ఏమి చేశానో. తగ్గించి చెప్పడం నాకు అలవాటు. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

సుగుణ చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉంది.

"సగం తిప్పితే సరిపోతుండె అన్నదా?"

"అంది."

"ఆమె నోటితోనా?"

"ఆమె నోటితోనే."

"నాలుగేండ్లు అక్కా."

"అవును."

"నేను చెప్పింది ఆమెకు తెల్వకుండనే పోయిందా?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. కనక ఇప్పుడే విన్నదని, నేను ఈ మాటలు చెబుతుంటే పక్క తొట్టె అంచు మీదే కూర్చుని ఉందని చెప్పవచ్చు. చెప్పలేదు. మళ్ళీ నేనే మధ్యలో నిలబడినట్టు అవుతుంది.

"ఎల్లుండి రా," అన్నాను. "నువ్వే చెప్పు."

"బండి ఉన్నది నాకు," అంది. కొత్తిమీర కట్ట తొట్టెలోకి విసిరింది. ఇక్కడ ఏదీ గట్టిగా పడదు. ఆ కట్ట మెల్లగా వెళ్ళి నీళ్ళ మీద వాలింది. దానికే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"కోపం తీర్చుకుందామంటే గీ నేల మీద అదీ కాదు! పో అక్కా నువ్వు."

వచ్చేశాను. వెనకే కనక వచ్చింది. దారిలో, "మంచిగ చెప్పినవ్," అంది. అంతే. నడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నీళ్ళ లైను మీద పనిచేసే వాళ్ళ చెయ్యి ఎప్పుడూ అలాగే ఉంటుంది.

రోజు 319

పదకొండో రోజు. మా నమ్మకం ప్రకారం ఇదే ఆఖరు. ఇవాళ దాటితే పోయినవాళ్ళకు దారి దొరకదు.

గది నిండింది. విస్తరి పెట్టకముందే నేను జొన్నల డబ్బా తెచ్చాను. అందరూ చూస్తుండగా సర్పంచుకు కడుపు నిండా పెట్టాను. తిన్నంత తింది. బరువు చూసి పైకి చదివాను. 361.

"ఇదేంది వదినె?" అన్నాడు రాజలింగం. "ఇప్పుడు పెడితే ఇంకెట్ల ముడుతది?"

అప్పుడు చెప్పాను. పదకొండేళ్ళ పస్తుల సంగతి. ఎక్కువ మాటలు పట్టలేదు.

ముందు కొమురయ్య లేచాడు.

"అంటే మా అవ్వ..."

"మీ అవ్వ సంగతి నాకు తెలియదు కొమురయ్యా. పిట్టకు ఆకలిగా ఉండింది. అంతే."

"అయ్యో! నేను ఎనిమిది మాటలు అనుకొని వచ్చిన పెద్దక్కా ఆనాడు! ఒక్కటి గుడ చెప్పనియ్యలే అది!"

"చెప్పాల్సింది కదా," అంది లింగవ్వ.

"చేపముక్క ఎత్తుకపోయినంక ఎవరికి చెప్పాలె? పిట్ట తోకకా?"

ఓదెలు అందరినీ కూర్చోమన్నాడు. నా మీద కోపంగా ఉన్నవాళ్ళు ఉన్నారు. ఉండాలి. నేను పక్కకు జరిగాను.

అప్పుడు సుగుణ వచ్చింది. భుజాన ప్రయాణం సంచి. నన్ను దాటుకుని నేరుగా విస్తరి ముందుకు పోయింది. కూర్చోవడానికి ఏమీ లేక డ్రమ్ము మీద కూర్చుంది, సరిగ్గా కనక కూర్చున్న చోట. కనక కొంచెం జరిగి చోటిచ్చింది.

సుగుణ మొదలుపెట్టాక ఆగలేదు.

"సగం తిప్పితే సరిపోతుండెనంట! సగం తిప్పుడు నీకు ఎన్నడన్న వచ్చిందా అక్కా? తలుపైనా, నోరైనా, నల్లా అయినా, తెరిస్తే మొత్తం, మూస్తే మొత్తం. నన్ను లేపితే ఏమయితుండె? పక్క గదిలనే పండుకున్న కదా! లేపితే నేనే వచ్చి కడుతుంటి. తిట్టుకుంట కడుతుంటి, కానీ కడుతుంటి. పసిపిల్లలు దప్పికతోని ఉంటే పువ్వులు చూసుకుంట కూసుంటనా? నన్ను గంత చెడ్డదాన్ని చేసినవ్."

సంచి కింద పెట్టింది.

"నేను గుడ తక్కువ చెయ్యలే. నీకు జ్వరమొచ్చినప్పుడు తలుపు దాక వచ్చిన. రెండుసార్లు. లోపల నీ దగ్గు ఇని వెనక్కి పోయిన. ఇగ నువ్వే రావాలని. పెద్దక్క చెప్పలేదంట, సరే. నాకు కాళ్ళు లేవా? నీకు లేవా? ఇద్దరం కలిసి నడిస్తే నలభై అడుగులు. నాలుగేండ్లు పట్టిందా?"

కొయ్య మీద సర్పంచు తల వాల్చి వింటోంది.

"చెట్లు పోతే పోయినయ్. అవి నా చెట్లే కాదు, నువ్వు పెట్టిన నీళ్ళతోనే పెరిగినయ్. నా మనసుల ఇప్పుడు ఏం లేదు. ఉన్నది కానీ, అది కోపం కాదు." ముక్కు తుడుచుకుంది. "గారెలు చల్లారిపోతున్నయ్. మా బావకు చేతకాదు, అన్నీ మాడ్చిండు. అయినా తిను."

ఎవరో నవ్వారు. రాజలింగమే అనుకుంటాను. కనక డ్రమ్ము మీద సుగుణ భుజానికి తల ఆనించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

సర్పంచు కొయ్య దిగింది. అంత పొట్టతో ఎగరలేక జారినట్టు దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగింది. చేప వదిలేసింది. అన్నం వదిలేసింది. మాడిన గారె ఒకటి ముక్కున కరుచుకుని, మళ్ళీ ఎగరలేక, నడుచుకుంటూ మూలకు పోయింది.

గదిలో పెట్టిన కేక గుమ్మటం కప్పు దాకా వెళ్ళి ఉంటుంది.

నేను డ్రమ్ము వైపు చూశాను. సుగుణ ఒక్కతే ఉంది. కూర్చోవడానికి పక్కన బోలెడు చోటు ఉన్నా, ఇరుకుగా, ఒక చివరకు జరిగి కూర్చుని ఉంది.

రాజన్నా, నీకు దండం.

మధ్యాహ్నం బండి బయలుదేరింది. అప్పటికి సుగుణ మూడో గారె తింటోంది. ఎవరూ గుర్తు చేయలేదు.

రోజు 326

బరువు 338. తగ్గుతోంది, మంచిది.

రెండో గుమ్మటం ముసలాయన పోయాడు. ఇవాళ మూడో రోజు. సర్పంచుకు ముందే కడుపు నిండా పెట్టి, "ఇది తినేసింది. మీరు మాట్లాడండి," అని చెప్పి నేను బయట కూర్చున్నాను.

మూడు గంటలు పట్టింది. లోపల నుంచి ముందు ఏడుపు, తరువాత గొడవ, ఆ తరువాత నవ్వులు వినిపించాయి. పెద్దకొడుకు బయటికి వచ్చి మంచినీళ్ళు తాగి, "ఇంకొకటి యాదికొచ్చింది," అని మళ్ళీ లోపలికి పోయాడు. ఎప్పుడు ముట్టిందో వాళ్ళు కూడా చూసుకోలేదట.

మరకాకి సంగతి ఓదెలు ఎత్తడం లేదు.

సుగుణకు నా మీద కోపం పోలేదు. పోవాలని నేను అడగలేదు. ఏడు రోజులుగా పనికి వెళ్ళే ముందు పిట్టగదికి వస్తోంది. తలుపు దగ్గర ఆగడం లేదు, లోపలికే వచ్చి కూర్చుంటోంది. నాతో ఇక ఎన్నడూ మాట్లాడనని చెప్పడానికి వస్తోంది.

ఇవాళ ఆ మాట గంటన్నర చెప్పింది. రెండుసార్లు టీ పెట్టాను.